హీటింగ్ ప్రోగ్రామర్ మార్చేముందు తీగలకు పేర్లు పెట్టండి

ఇంగ్లండ్‌లో అక్టోబరు చలి తగలగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, రేడియేటర్లు వేడెక్కట్లేదు. ప్రోగ్రామర్ పోయినట్టుంది. కొత్తది ఆర్డర్ పెట్టేశాను, ఎలా బిగించాలో చెప్పు." ఆర్డర్ పెట్టేశాకే అడుగుతారు, అదేం ఖర్మో. ప్రోగ్రామర్ అంటే హీటింగ్, వేడినీళ్ళు ఏ టైముకు ఆన్ అవ్వాలో, ఎప్పుడు ఆగాలో చూసే గోడ మీది డబ్బా. తెప్పించిన డబ్బా ఆ ఇంటికి సరిపోదు, లేదా అసలు పాతది పోనేలేదు. ఫోన్లో చెప్పేదంతా ఒకచోట రాసిపెడితే మీకూ నాకూ సుఖం.

నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివాను, ఇక్కడ చేసే ఉద్యోగం మాత్రం వేరు. మనవాళ్ళ ఇళ్ళలో ఈ పని చేస్తూ చేస్తూ నాకు కుదిరిన అభిప్రాయం ఒక్కటే. డబ్బా మార్చడానికి ఎంతోసేపు పట్టదు. ఏ తీగ ఏ పని చేస్తోందో ముందు కనుక్కోవడంలోనే ఉంది కష్టమంతా. అది తేలితే ఏ కంపెనీ డబ్బా అయినా బిగించొచ్చు. తేలకపోతే మూత మళ్ళీ పెట్టేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, అందులో నామోషీ ఏమీ లేదు.

అద్దె ఇల్లయితే అసలు ముట్టుకోకండి. హీటింగ్, వేడినీళ్ళ ఏర్పాట్లు పనిచేసేలా చూడడం ఇంటి యజమాని బాధ్యత. ఇంగ్లండ్‌లో 1985 నాటి లాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం 11వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది. ఫోటో తీసి ఈమెయిల్ పెట్టండి, అక్కడితో మీ పని అయిపోయింది. సొంత ఇల్లయితే, పాతదాని స్థానంలో అలాంటిదే కొత్తది పెట్టడానికి ఇంగ్లండ్‌లో కౌన్సిల్‌కు ముందుగా తెలపనక్కర్లేదు. కానీ గ్యాస్‌తో నీళ్ళు కాచే బాయిలర్ ముందు మూత మాత్రం తెరవకూడదు. అది గ్యాస్ సేఫ్ అనే అధికారిక జాబితాలో నమోదైన ఇంజినీరు పని. ప్రోగ్రామర్ బాయిలర్ ఒంట్లోనే ఇమిడి ఉంటే కూడా ఆయన్నే పిలవండి. నేను చెప్పేదంతా గోడ మీద విడిగా ఉండే తెల్ల డబ్బా గురించి.

ఆ డబ్బాలో ఉన్నవి ఒక గడియారం, రెండు స్విచ్చులు. టైము కాగానే ఒక రిలే, అంటే కరెంటుతో నడిచే స్విచ్చు, టక్కున పడి వేడినీళ్ళ తీగలోకి 230 వోల్టులు పంపుతుంది, ఇంకోటి హీటింగ్ తీగలోకి పంపుతుంది. వేడినీళ్ళ కరెంటు, నీళ్ళు నిల్వ ఉండే సిలిండర్‌కు పట్టీతో కట్టిన థర్మోస్టాట్ (కావలసినంత వేడి రాగానే కరెంటు ఆపేది) గుండా, హీటింగ్ కరెంటు హాల్లో గోడ మీది థర్మోస్టాట్ గుండా పోయి, పైపుల్లో వేడినీళ్ళ దారిని తెరిచి మూసే మోటారు వాల్వును తిప్పుతుంది. ఆ తర్వాతే బాయిలర్‌కూ పంపుకూ కబురు వెళుతుంది. ప్రోగ్రామర్, థర్మోస్టాట్, వాల్వు, బాయిలర్: ఈ వరుస గుర్తుపెట్టుకుంటే తప్పెక్కడుందో సగం దొరికినట్టే.

ముందు, పోయింది నిజంగా ప్రోగ్రామరేనా?

డిస్‌ప్లే పూర్తిగా ఆరిపోతే దాని దగ్గర్లో ఉండే ఫ్యూజ్డ్ స్పర్ చూడండి. ప్లగ్గు పెట్టే కన్నాలు లేకుండా, ఒక స్విచ్చూ ఫ్యూజు పెట్టే చిన్న తలుపూ ఉన్న తెల్ల పలక అది. స్విచ్చు ఆపి ఫ్యూజు మార్చండి. అందులో ఉండాల్సింది 3 ఆంపియర్లది. ఎవరో 13 ఆంపియర్లది పెట్టి వదిలేసిన ఇళ్ళు చూశాను, అలా కనిపిస్తే వెంటనే తీసెయ్యండి. కొత్త ఫ్యూజు కూడా పోతే పంపులోనో వాల్వులోనో షార్ట్ ఉండే అవకాశం ఎక్కువ. ప్రోగ్రామర్ మార్చి లాభం లేదు.

డిస్‌ప్లే వెలుగుతూనే ఉంది, వేడి మాత్రం రావట్లేదంటే, హాల్లో థర్మోస్టాట్‌ను పైదాకా తిప్పి, ప్రోగ్రామర్‌లో హీటింగ్ ఆన్ నొక్కి చెవి దగ్గర పెట్టి వినండి. టక్‌మన్న చప్పుడు వచ్చిందా? రాకపోతే అనుమానం ప్రోగ్రామర్ మీదే. వస్తే ఎయిరింగ్ కప్‌బోర్డులో, అంటే సిలిండర్ ఉండే అలమరలో, వాల్వు దగ్గరికి వెళ్ళండి. రెండు దారుల వాల్వు పక్కన చిన్న లివర్ ఉంటుంది. వాల్వు మూసి ఉన్నప్పుడు దాన్ని నెడితే స్ప్రింగు ఎదురు తన్నుతుంది. మోటారు వాల్వును తెరిచాక మాత్రం లివర్ వదులుగా, బరువు లేకుండా జరుగుతుంది. ప్రోగ్రామర్ ఆన్‌లో ఉన్నా లివర్ ఇంకా బిగువుగానే ఉంటే కరెంటు వాల్వుదాకా రాలేదు, లేదా వాల్వు మోటారు పోయింది. పోయేవాటిలో ఈ వాల్వు మోటార్లే ఎక్కువని నా అనుభవం.

హీటింగ్ ఆఫ్ చేసినా ఆగట్లేదనేది ఇంకో రకం గొడవ. దీనికి పరికరాలేమీ అక్కర్లేదు. థర్మోస్టాట్‌ను పూర్తిగా కిందికి తిప్పండి. అది వరుసలో ప్రోగ్రామర్ తర్వాత ఉంది కదా, అప్పుడు బాయిలర్ ఆగితే ప్రోగ్రామర్ రిలే అతుక్కుపోయినట్టు. అప్పటికీ ఆగకపోతే వాల్వులోని చిన్న స్విచ్చు ఇరుక్కుపోయి ఉంటుంది. మంట ఆగాక పంపు ఇంకాసేపు తిరగడం మామూలే, దాన్ని చూసి కంగారుపడకండి. ఎండాకాలంలో వేడినీళ్ళు మాత్రమే ఆన్‌లో ఉండగా రేడియేటర్లు కాలుతుంటే అది కూడా వాల్వు సరిగ్గా మూసుకోక వచ్చే గోలే.

మన ఇళ్ళలో మాత్రమే చూసిన జబ్బు ఇంకొకటుంది. ప్రోగ్రామర్ వంటగదిలో పొయ్యికి దగ్గరగా ఉంటే రోజూ తాలింపు పొగ తగిలి బటన్ల చుట్టూ జిడ్డు పేరుకుంటుంది. నొక్కిన బటన్ పైకి రాదు. స్పర్ ఆపేసి, పొడిబట్టకు ఒక్క చుక్క సబ్బునీళ్ళు అంటించి తుడిస్తే బాగుపడ్డవి ఉన్నాయి. స్ప్రే మాత్రం కొట్టకండి.

కొనేముందు చూడాల్సినవి

ఇంట్లో వేడినీళ్ళ సిలిండర్ ఉందా లేదా? ఉంటే రెండు ఛానళ్ళ ప్రోగ్రామర్ కావాలి, అంటే వేడినీళ్ళకొకటి, హీటింగ్‌కొకటి. కుళాయి తిప్పగానే బాయిలరే అప్పటికప్పుడు నీళ్ళు కాచే కాంబీ అయితే హీటింగ్‌కు ఒక్క ఛానల్ చాలు. కాంబీల్లో కొన్నిటి కంట్రోల్ తీగల్లో ఉండేది 230 వోల్టులు కాదు, తక్కువ వోల్టేజీ. బాయిలర్ పుస్తకంలో అది చూడకుండా ముందుకు పోకండి. అలాంటి చోట 230 వోల్టులు కలిపితే బాయిలర్ సర్క్యూట్ బోర్డు కాలిపోతుంది.

సిలిండర్ ఉన్న ఇళ్ళలో ఎక్కువగా కనిపించేవి రెండు పద్ధతులు. రెండు దారుల వాల్వులు రెండుంటే ఎస్ ప్లాన్. మూడు దారుల వాల్వు ఒక్కటే ఉంటే వై ప్లాన్. మరీ పాత ఇళ్ళలో సిలిండర్‌లోకి వేడినీళ్ళు పంపు లేకుండా వాటంతటవే ఎక్కుతాయి, పంపు రేడియేటర్లకు మాత్రమే. దీన్ని గ్రావిటీ పద్ధతి అంటారు. అక్కడ వేడినీళ్ళు ఆన్ కాకుండా హీటింగ్ ఒక్కటే ఆన్ కాకూడదు. దానికోసం చాలా ప్రోగ్రామర్ల వెనక ఓ చిన్న స్విచ్చు గానీ జంపర్ (రెండు పిన్నులను కలిపే బుల్లి ముక్క) గానీ ఉంటుంది, ఒకవైపు గ్రావిటీ, ఇంకోవైపు ఫుల్లీ పంప్డ్ (రెండింటికీ పంపు ఉన్నది). గోడకు తగిలించాక అది కనబడదు, కాబట్టి ముందే సరిచూసుకోవాలి.

ఇక బ్యాక్‌ప్లేట్. గోడకు స్క్రూలతో బిగించి, తీగలన్నీ చేరే ప్లాస్టిక్ పలక ఇది. హనీవెల్, డ్రేటన్, డాన్‌ఫాస్ లాంటి కంపెనీల ఇప్పటి మోడళ్ళలో చాలావాటికి ఒకే కొలత, ఒకే వరుస. ఎడమ నుంచి ఎన్ (న్యూట్రల్), ఎల్ (లైవ్), 1, 2, 3, 4. పాత పలక మీద ఇవే గుర్తులుంటే మీ అదృష్టం. ఒక్క తీగనూ కదపకుండా పాత డబ్బా ఊడదీసి కొత్తది తగిలించొచ్చు. ఫోన్‌తో నడిపే రకాల్లో హైవ్ రెండు ఛానళ్ళ రిసీవర్ కూడా ఈ పలక మీదే కూర్చుంటుంది. నెస్ట్ హీట్ లింక్ టెర్మినళ్ళు, అంటే తీగలు బిగించే చోట్లు, వేరు. బయటికి ఒకేలా కనిపించినా సరే, కొత్తదాని పుస్తకంలోని బొమ్మను పాత పలకతో పోల్చి చూసుకోండి.

ఈ పని శనివారం పొద్దున్న పెట్టుకోండి. ఏదైనా తేడా వస్తే షాపులు తెరిచి ఉంటాయి, వెలుతురూ ఉంటుంది. సిలిండర్‌కు ఇమ్మర్షన్ హీటర్ ఉంటే ఈలోగా స్నానాలకు ఇబ్బంది లేదు. దాని స్విచ్చూ సర్క్యూటూ వేరు. గ్యాస్ కంటే చాలా ఖరీదైన కరెంటుతో కాచే నీళ్ళవి, పని అవగానే ఆపెయ్యడం మరిచిపోకండి.

కరెంటు ఆపడం

స్పర్ స్విచ్చు ఆపి, ఫ్యూజు తీసి జేబులో వేసుకోండి. మీరు ఎయిరింగ్ కప్‌బోర్డులో తల దూర్చి ఉండగా ఇంట్లో ఎవరో "అయ్యో, ఇది ఆఫ్‌లో ఉందే" అని స్విచ్చు వేసినా ఏమీ కాదు. ఆ స్పర్ ఎక్కడుందో తెలియకపోతే మెయిన్ స్విచ్చు ఆపండి.

తర్వాత టెస్టర్ సంగతి. మనకందరికీ చొక్కా జేబులో పెట్టుకునే నియాన్ స్క్రూడ్రైవర్ అలవాటు. వెలిగితే కరెంటు ఉంది, వెలగకపోతే లేదు అనుకుంటాం. వెలగనంత మాత్రాన లేదని నమ్మకూడదు. బల్బు పోయినా వెలగదు, చేతికి సరైన ఎర్త్ అందకపోయినా వెలగదు. దగ్గర పెడితే కూసే పెన్నులూ ఇంతే. కావలసింది రెండు మొనలున్న వోల్టేజ్ టెస్టర్. కరెంటు ఉందని తెలిసిన సాకెట్‌లో ముందు దాన్ని పరీక్షించండి. ప్రోగ్రామర్ కింది రెండు స్క్రూలు వదులు చేసి, అడుగు భాగం ముందుకు లాగి పైకెత్తితే డబ్బా ఊడివస్తుంది. పలక మీది లోహాన్ని చేత్తో తాకకుండా ఎల్‌కూ ఎన్‌కూ మధ్య, ఎల్‌కూ ఎర్త్‌కూ మధ్య, ఆ తర్వాత 1 నుంచి 4 దాకా ఒక్కొక్కదానికీ ఎన్‌తో, ఎర్త్‌తో చూడండి. అన్నీ సున్నా రావాలి. మళ్ళీ సాకెట్ దగ్గరికెళ్ళి టెస్టర్ ఇంకా పనిచేస్తోందని రుజువు చేసుకోండి. 1 నుంచి 4 ఎందుకంటే, బాయిలర్‌కు ఎవరో వేరే చోటి నుంచి కరెంటు ఇచ్చి ఉంటే అది వెనకనుంచి ఆ తీగల్లోకి రావచ్చు. ఎక్కడైనా వోల్టేజీ కనిపిస్తే ఆగిపోండి.

తీగలకు పేర్లు

పాత పలక సరిపోతే ఈ భాగం దాటెయ్యండి. సరిపోకపోతే ఇక్కడే నిదానంగా ఉండాలి.

ముందు ఫోటోలు తియ్యండి. ఎదురుగా ఒకటి, రెండు పక్కలనుంచి చెరొకటి, టెర్మినల్ గుర్తులు చదవగలిగేలా. తర్వాత పేపర్ టేపు ముక్కలు తీసుకుని ప్రతి తీగకూ దాని పని రాసి అంటించండి. "3వ నంబరు తీగ" అని రాయకండి, కొత్త డబ్బాలో 3 ఇంకేదో కావచ్చు. "ఎర్ర తీగ" అని అసలు రాయకండి.

రంగుల మాట ఎందుకంటున్నానో వినండి. బ్రిటన్‌లో పాత రంగులు లైవ్‌కు ఎరుపు, న్యూట్రల్‌కు నలుపు. 2004 మార్చి 31 నుంచి గోధుమ, నీలం రంగులకు అనుమతి వచ్చింది, 2006 ఏప్రిల్ నుంచి కొత్త వైరింగ్‌లో అవే తప్పనిసరి. 1980ల్లో కట్టి మధ్యలో బాయిలర్ మార్చిన ఇంట్లో రెండూ కలగలిసి ఉంటాయి. మన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళకు మూడు ఫేజుల్లో నీలం ఒక ఫేజు అని చేతికి అలవాటు. ఇక్కడ నీలం న్యూట్రల్. ఇంతటితోనూ అయిపోలేదు. హీటింగ్ వైరింగ్‌లో రెండు తీగల కేబుల్ లాగి రెండింటినీ స్విచ్చయ్యే లైవ్‌లుగా వాడతారు. అంటే నల్ల తీగలోనూ 230 వోల్టులుంటాయి. బుద్ధిమంతుడు చేసి ఉంటే ఆ నలుపు కొసన ఎర్ర తొడుగు ముక్క కనిపిస్తుంది. ఎన్నో ఇళ్ళలో ఆ ముక్క కూడా ఉండదు.

కాబట్టి పని తెలిసేది పాత ప్రోగ్రామర్ పలక మీది గుర్తుల వల్ల, దాని పుస్తకం వల్ల. మోడల్ నంబరు డబ్బా వెనక ఉంటుంది, వైరింగ్ బొమ్మ ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. ఆరు గుర్తుల కొత్త పలకలో పనులు ఇవి: ఎన్ న్యూట్రల్, ఎల్ ఎప్పుడూ ఉండే లైవ్, 1 వేడినీళ్ళు ఆఫ్, 2 హీటింగ్ ఆఫ్, 3 వేడినీళ్ళు ఆన్, 4 హీటింగ్ ఆన్. 2లో సాధారణంగా ఏమీ ఉండదు. 1లో తీగ ఉంటే మీది దాదాపుగా వై ప్లాన్, ఖాళీగా ఉంటే ఎస్ ప్లాన్ అయ్యుంటుంది.

ఆఫ్‌లో ఉంటే తీగ ఎందుకని చాలామందికి సందేహం. మూడు దారుల వాల్వుకు తెల్లదీ బూడిదరంగుదీ రెండు తీగలుంటాయి. తెల్లది హీటింగ్ కావాలని చెబుతుంది, బూడిదరంగుది వేడినీళ్ళు అక్కర్లేదని చెబుతుంది. రెండూ చెబితేనే వాల్వు ఆ చివరిదాకా తిరిగి, హీటింగ్ ఒక్కదానికే బాయిలర్‌ను వెలిగిస్తుంది. ఆ రెండో మాట వచ్చేది 1వ టెర్మినల్ నుంచి.

పాత మోడళ్ళలో ఇంకో చిక్కుంది. ఎల్ నుంచి పక్క టెర్మినళ్ళకు చిన్న చిన్న లింకు తీగలుంటాయి, లోపలి స్విచ్చులకు లైవ్ అందించడానికి. ఆరు గుర్తుల పలకలో ఆ లింకులు డబ్బా లోపలే ఉంటాయి. పాత లింకును కొత్త పలకలోకి తెస్తే ఏదో ఒక ఛానల్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండిపోతుంది. పలక దాటకుండా టెర్మినల్ నుంచి టెర్మినల్‌కే పోయే బుల్లి తీగ కనబడితే అది లింకు. దానికి "లింకు" అనే చీటీ అంటించి పక్కన పెట్టండి. ఒకే స్క్రూ కింద రెండు తీగలున్నా విడదీసి రెండింటికీ అదే పేరు రాయండి. ఎల్‌లో అలా రెండుండడం మామూలే, ఒకటి స్పర్ నుంచి వచ్చేది, ఇంకోటి బాయిలర్‌కు పోయేది.

బిగించడం

పాత పలక తీసేశాక తీగలు గోడ కన్నంలోకి జారిపోకుండా టేపుతో గోడకు అంటించండి. కొత్త పలకను మట్టంగా బిగించండి. కింద స్క్రూడ్రైవర్ పట్టేంత జాగా, పైన డబ్బా వంచి ఎత్తడానికి కాస్త ఖాళీ వదలండి. షెల్ఫ్ కింద ఆనించి బిగిస్తే డబ్బా ఎక్కదు.

తీగ కొస నల్లబడి పెళుసుగా ఉంటే ఆ ముక్క కత్తిరించి కొత్తగా ఒలవండి. రాగి మొత్తం టెర్మినల్ లోపలికి పోవాలి, తొడుగు టెర్మినల్‌ను తాకుతూ ఉండాలి, కానీ స్క్రూ తొడుగు మీద పడకూడదు. బిగించాక ఒక్కో తీగనూ పట్టుకుని లాగి చూడండి. ఊడేది ఏదైనా ఉంటే ఇప్పుడే ఊడిపోనివ్వండి. ఆకుపచ్చ పసుపు ఎర్త్ తీగ ప్రోగ్రామర్‌కు అవసరం లేకపోయినా కత్తిరించొద్దు. పలక మీద దానికోసం విడిగా ఒక టెర్మినల్ ఉంటుంది, అందులో పెట్టండి. వాల్వుకూ పంపుకూ బాయిలర్‌కూ ఎర్త్ దాని గుండానే పోతుండొచ్చు. డబ్బాను పైన కొక్కేలకు తగిలించి, కిందికి దించి నొక్కి, స్క్రూలు బిగించండి.

ఫ్యూజు పెట్టి స్విచ్చు వెయ్యండి. ముందు రెండూ ఆఫ్ చెయ్యండి, బాయిలర్ ఊరుకోవాలి. తర్వాత వేడినీళ్ళు మాత్రం ఆన్ చేస్తే సిలిండర్‌కు పోయే పైపు వేడెక్కాలి, రేడియేటర్లు చల్లగా ఉండాలి. సిలిండర్‌లో నీళ్ళు అప్పటికే వేడిగా ఉంటే బాయిలర్ వెలగదు, కుళాయి వదిలి కొన్ని నీళ్ళు పోనివ్వండి. మూడోసారి హీటింగ్ మాత్రం. నాలుగోసారి రెండూ కలిపి. వాల్వు తిరగడానికి సమయం పడుతుంది, ఆన్ నొక్కిన మరుక్షణం బాయిలర్ వెలగలేదని మళ్ళీ మళ్ళీ నొక్కకండి. మూడోది పనిచెయ్యకుండా, వేడినీళ్ళు కూడా ఆన్ చేస్తేనే హీటింగ్ వస్తోందా? వై ప్లాన్ ఇంట్లో అయితే 1లో తీగ పెట్టలేదు, లేదా వదులుగా ఉంది. వేడినీళ్ళు నొక్కితే రేడియేటర్లు, హీటింగ్ నొక్కితే సిలిండర్ వేడెక్కితే 3, 4 తారుమారయ్యాయి. సరిచెయ్యబోయేముందు మళ్ళీ ఫ్యూజు జేబులోకి, మళ్ళీ టెస్టర్.

టైములు

గడియారం కొన్ని మోడళ్ళలో మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం దానంతటదే మారుతుంది, కొన్నిటిలో మనమే మార్చాలి. "ఆల్ డే" అని ఉంటే రోజులో మొదటి ఆన్ నుంచి చివరి ఆఫ్ దాకా మధ్యలో ఆగకుండా నడుస్తుందని. కొన్నిటిలో దాన్నే "వన్స్" అంటారు. చుట్టాలు వచ్చినప్పుడు దాన్ని నొక్కి, వెళ్ళాక ఆటోకు తిప్పడం మరిచిపోయి గ్యాస్ బిల్లు చూసి నన్ను పిలిచినవాళ్ళున్నారు. ఒక్క గంట అదనంగా నడిపే బటన్ ఉంటే అదే వాడండి, తనంతట తనే ఆగుతుంది.

వేడినీళ్ళు మంచి తొడుగున్న సిలిండర్‌లో గంటల తరబడి వేడిగానే ఉంటాయి కాబట్టి రోజంతా ఆన్‌లో ఉంచనక్కర్లేదు. స్నానాలకు ముందు ఒక విడత, సాయంత్రం ఒక విడత పెట్టి చూసి, చాలకపోతే పెంచుకోండి. డబ్బు మిగుల్చుదామని సిలిండర్ థర్మోస్టాట్‌ను మాత్రం 60 డిగ్రీలకంటే తగ్గించకండి, గోరువెచ్చని నిల్వనీళ్ళలో లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. ఆదా చెయ్యాలంటే టైము తగ్గించండి.

పాత డబ్బాను వారం పదిరోజులు ఉంచి, అంతా సవ్యంగా నడుస్తోందని తేలాక కౌన్సిల్ రీసైక్లింగ్ సెంటర్‌లో చిన్న ఎలక్ట్రికల్ సామాన్ల తొట్టిలో వెయ్యండి, మామూలు చెత్తలో కాదు. ఏ తీగ ఏ టెర్మినల్‌లో ఏ పనికి ఉందో ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, కొత్తదాని పుస్తకంతో కలిపి ఎయిరింగ్ కప్‌బోర్డు తలుపు లోపల అంటించండి. ఈసారి ఇంజినీరు వచ్చినప్పుడు అతనికి ఇచ్చే గంట డబ్బుల్లో కొంతైనా మిగులుతుంది.